రాయి వెళ్లిపోయింది, కాగితాలనైనా ఇక్కడ ఉంచండి

నల్లగొండ, సూర్యాపేట జిల్లా గ్రంథాలయ సంస్థల అధ్యక్షులకు, కార్యదర్శులకు, గ్రంథపాలకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులారా, నమస్కారం.

మిర్యాలగూడలోనో హుజూర్‌నగర్‌లోనో ఒక శాఖా గ్రంథాలయంలో ఒక గదిని మన ప్రాంతపు సిమెంటు పరిశ్రమ చరిత్రకు కేటాయించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. గది కుదరకపోతే తాళం పడే ఇనుప బీరువాలు నాలుగు చాలు. వాటిలో మొదటి సేకరణ డాక్టర్ బి.వి. రాజు గారికి, ఆయన వాడపల్లి దగ్గర నిలబెట్టిన పరిశ్రమకు సంబంధించినది కావాలని నా కోరిక. నేను ఈ ప్రాంతంలోని ఒక సిమెంటు కర్మాగారం ప్రయోగశాలలో పనిచేసి రిటైరైన వాణ్ణి. ఏ కాగితాల గురించి అడుగుతున్నానో వాటిలో కొన్నింటిని నా చేతులతో నింపాను, కొన్ని పాత కాగితాల వ్యాపారి లారీ ఎక్కుతుండగా చూశాను.

భూపతిరాజు విస్సంరాజు గారు 1920లో పశ్చిమ గోదావరి జిల్లా కుముదవల్లిలో పుట్టారు. ప్రభుత్వ రంగ సంస్థ సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు సారథ్యం వహించారు. 1977లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ అందుకున్నారు. అందరూ విశ్రాంతి తీసుకునే వయసులో రాశి సిమెంట్ స్థాపించి, కృష్ణా మూసీ కలిసే వాడపల్లి పక్కన కర్మాగారం కట్టారు. దానితో పాటు విష్ణుపురం అనే ఊరే వెలిసింది. ఈరోజు పగిడిపల్లి, నడికుడి మీదుగా వెళ్లే రైలు మార్గంలో అదొక స్టేషను. 1997లో మెదక్ జిల్లా నర్సాపూర్‌లో ఇంజినీరింగ్ కళాశాల నెలకొల్పారు. భీమవరంలోనూ విద్యాసంస్థలు పెట్టారు. 2002లో కన్నుమూశారు. సిమెంటు మీద సంపాదించినది చదువు మీద ఖర్చు పెట్టిన మనిషిగా ఆయన్ని ఆంధ్రలోనూ తెలంగాణలోనూ తలుచుకుంటారు.

కుముదవల్లి పేరు మీకు కొత్త కాదు. 1897లోనే భూపతిరాజు తిరుపతిరాజు గారు ఆ పల్లెలో వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం స్థాపించారు. తెలుగు నేల మీది తొలి పల్లెటూరి గ్రంథాలయాల్లో అదొకటి. అలాంటి ఊళ్లో పుట్టిన పారిశ్రామికవేత్త జీవితంలో అతి పెద్ద పని నల్లగొండ జిల్లాలో జరిగింది. ఆ పనికి ఆధారాలు ఎక్కడ దొరుకుతాయని మిర్యాలగూడ డిగ్రీ విద్యార్థి ఎవరైనా అడిగితే, ఫలానా బీరువాలో చూడమని చెప్పగలిగే పరిస్థితి మనకు రావాలి.

తొందర ఎందుకంటే, యాజమాన్యాలు మారిపోతున్నాయి. 1998లో దేశమంతా పత్రికల్లో చదివిన వాటాల పోరు తరువాత రాశి సిమెంట్ ఇండియా సిమెంట్స్ చేతికి వెళ్లింది. 2024 డిసెంబరులో ఇండియా సిమెంట్స్ అల్ట్రాటెక్ అధీనంలోకి వచ్చింది. దొండపాడు దగ్గర శ్రీ విష్ణు సిమెంట్‌గా మొదలైన కర్మాగారం తరువాత జువారీ సిమెంట్ అయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు, వ్యాపారం అన్నాక చేతులు మారుతుంది. అయితే యాజమాన్యం మారినప్పుడల్లా గోదాములు ఖాళీ అవుతాయి. కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు 8 సంవత్సరాలు దాచితే సరిపోతుంది. హాజరు పుస్తకాలకైతే గడువు ఇంకా తక్కువ. 1980ల నాటి ఇలాంటి కాగితాలను ఈరోజు కాపాడమని చట్టం అడగదు. అడగవలసింది మనమే.

నేను చూసిన సంగతి చెబుతాను. ఒక కర్మాగారంలో, పేరు అనవసరం, పాత టైమ్ ఆఫీసు గది పడగొట్టి అక్కడ వాహనాలు నిలిపే చోటు కట్టారు. ఆ గదిలో ప్రారంభం నాటి మస్టర్ రోల్సు, గేటు పాసుల పుస్తకాలు, క్యాంటీను కూపన్ల లెక్కలు, యూనియన్‌తో కుదిరిన వేతన ఒప్పందాల నకళ్లు ఉండేవి. అన్నింటినీ తూకానికి అమ్మేశారు. అమ్మిన గుమాస్తా చెడ్డవాడు కాదు, గది ఖాళీ చెయ్యమన్నారు, చేశాడు. వాటిని తీసుకెళ్లి ఇవ్వడానికి ఒక చోటు ఉందని అతనికి తెలిసి ఉంటే ఒక్క ఫోను చేసేవాడు. ఆ ఫోను అందుకునే చోటు మీ గ్రంథాలయం కావాలని నా విన్నపం.

ఏం పోతున్నదో బయటివారికి అర్థం కావాలంటే ప్రయోగశాల నోటుపుస్తకాల గురించి కొంచెం చెప్పాలి. ఇప్పుడు ఎక్స్‌రే యంత్రాలు వచ్చాయి గానీ, మొదట్లో గని నుంచి వచ్చిన ప్రతి నమూనానూ పొడి చేసి, ఆమ్లంలో కరిగించి, బ్యూరెట్టు పట్టుకుని చేత్తో పరీక్షించేవాళ్లం. ఫలానా తేదీ, గనిలో ఫలానా బెంచీ (మెట్టులా తవ్విన తట్టు), సున్నం ఇంత, సిలికా ఇంత, మెగ్నీషియా ఇంత అని షిఫ్టుకో పేజీ నిండేది. కిల్న్ అనే బట్టీలో సుమారు 1450 డిగ్రీల వేడికి రాయి క్లింకర్‌గా, అంటే పొడి చేస్తే సిమెంటయ్యే గడ్డలుగా మారి బయటికి వచ్చాక దాన్నీ పరీక్షించి, కలవకుండా మిగిలిన విడి సున్నం ఎక్కువైతే రాత్రి రెండు గంటలకైనా బర్నర్ దగ్గర ఉన్న ఆపరేటర్‌కు చెప్పేవాళ్లం. ఆ నోటుపుస్తకాల్లో రాసిన రాయి ఇప్పుడు లేదు. ఆ బెంచీలు లేవు, ఆ గుట్టలు లేవు. ఒక టన్ను క్లింకర్‌కు సుమారు ఒకటిన్నర టన్నుల సున్నపురాయి కావాలి. అలా దశాబ్దాల పాటు తవ్వి, కాల్చి, 50 కిలోల బస్తాల్లో దేశమంతా పంపించాం. కృష్ణా తీరాన ఆ చోట నేల లోపల ఏముండేదో చెప్పే సాక్ష్యం ఆ పేజీల్లోనే మిగిలింది. భూగర్భ శాస్త్రం చదివే పిల్లలకు అదొక గని అంటే అతిశయోక్తి కాదు. వాటిని గ్రంథాలయాలు తీసుకుంటాయని ఇంతవరకు ఎవరికీ తోచలేదు, ఎందుకంటే అవి పుస్తకాల్లా కనిపించవు.

ఇదే మాట మిగిలిన వాటికీ వర్తిస్తుంది. ప్రారంభోత్సవ సంచికలు, వార్షిక నివేదికలు, ఉద్యోగుల కోసం వేసిన పత్రికలు, కార్మిక దినోత్సవం నాడు పంచిన కరపత్రాలు, కాలనీ బడి వార్షికోత్సవం ఫొటోలు, సున్నపురాయి లీజుల గెజిట్ ప్రకటనలు, భూసేకరణ నోటీసులు. సిమెంటు ధర మీదా పంపిణీ మీదా ప్రభుత్వ నియంత్రణ 1982లో పాక్షికంగా, 1989లో పూర్తిగా తొలగింది. ఇల్లు కట్టుకునేవారు పర్మిట్ కోసం కచేరీల చుట్టూ తిరిగిన కాలం అలా ముగిసింది. వాడపల్లి నుంచి మట్టంపల్లి, మేళ్లచెరువు వరకు కర్మాగారాలు వరుసగా లేచిన కాలం కూడా అదే. నిలువు బట్టీలతో మొదలైన చిన్న కర్మాగారాలు కొన్ని పెద్దవయ్యాయి, కొన్ని మూతపడ్డాయి. మూతపడిన వాటి గురించి మాట్లాడే వారసులు ఎవరూ ఉండరు కాబట్టి నాకు వాటి కాగితాల మీదే ఎక్కువ దిగులు.

పైగా 2016 అక్టోబరు 11న జిల్లాల విభజన జరిగింది. వాడపల్లి నల్లగొండలో ఉండిపోయింది, మట్టంపల్లి, మేళ్లచెరువు సూర్యాపేటలోకి వెళ్లాయి. ఒకే రాతి పొర మీద నిలిచిన ఒకే పరిశ్రమ చరిత్ర రెండు జిల్లా సంస్థల మధ్య పడింది. అందుకే ఈ లేఖను ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. సేకరణ ఏ ఊళ్లో ఉంటే ఏమి, దాని జాబితా మాత్రం ఒకటే ఉండాలి.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. నేను విగ్రహం అడగడం లేదు. రాజు గారి చిత్రపటానికి దండ వేసి, సన్మాన పత్రాలు అద్దాల పెట్టెలో పెడితే అది చరిత్ర కాదు. ఆయన ఉత్తరాలు, ప్రసంగాలు ఉన్న బీరువాలోనే కార్మికుల డిమాండ్ పత్రాలు ఉండాలి. భూమి ఇచ్చిన రైతుల అర్జీలు, బూడిద పొర పడిన పంటల గురించిన ఫిర్యాదులు, గని పేలుళ్లకు గోడలు బీటలు వారాయని రాసిన ఉత్తరాలు కూడా అక్కడే ఉండాలి. పర్యావరణ అనుమతుల కోసం జరిగే ప్రజాభిప్రాయ సేకరణల నివేదికల్లో ఊరివాళ్ల మాటలు నమోదై ఉంటాయి. ఆ సేకరణలకు సంబంధించిన 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రాజెక్టు సారాంశాన్ని స్థానిక భాషలో కూడా ఇవ్వాలి, అంటే అవి తెలుగులోనూ ఉంటాయి. కలెక్టరేట్‌లో పని ముగిశాక వాటి ప్రతులు గ్రంథాలయానికి చేరే ఏర్పాటుకు మీరు ఒక్క ఉత్తరం రాస్తే చాలు. దాతను మెచ్చుకునేవారికీ ప్రశ్నించేవారికీ ఒకే బీరువాలో ఆధారాలు దొరకాలి. అప్పుడే ఆయన చేసిన మేలు కూడా నిఖార్సుగా నిలబడుతుంది.

అమెరికాలో హోమ్‌స్టెడ్ అనే ఉక్కు పట్టణం ఉంది. ఆండ్రూ కార్నెగీ ఉక్కు కర్మాగారం అక్కడ ఉండేది. ప్రపంచమంతటా రెండున్నర వేల గ్రంథాలయాలకు డబ్బిచ్చిన దాత ఆయన. 1892లో అదే కర్మాగారంలో సమ్మె జరిగి, కంపెనీ రప్పించిన ప్రైవేటు సాయుధులకూ కార్మికులకూ మధ్య కాల్పుల్లో ఇరువైపులా మనుషులు చనిపోయారు. ఆ కర్మాగారం 1986లో మూతపడింది, ఇప్పుడు ఆ స్థలంలో దుకాణాల సముదాయం ఉంది. కానీ 1898లో కార్నెగీ కట్టించిన గ్రంథాలయం ఇంకా పనిచేస్తున్నది. సమ్మెకాలంలో కార్మిక సంఘానికి కార్యాలయంగా ఉన్న భవనాన్ని కూడా కాపాడి, అందులో ఆ ప్రాంతపు ఉక్కు పరిశ్రమ పత్రాలు, ఫొటోలు దాచారు. దాత కట్టిన ఇల్లూ ఉంది, ఆయనతో తలపడినవారి ఇల్లూ ఉంది. మన దేశంలోనూ పుణేలో టాటా వారు, ముంబయిలో గోద్రెజ్ వారు తమ పత్రాల కోసం భాండాగారాలు నడుపుతున్నారు. అవి మంచి పనులే. అయితే కంపెనీ భాండాగారం కంపెనీ దయ మీద ఉంటుంది. జనగ్రంథాలయంలో పెట్టినది జనానిది. ప్యాకింగ్ ప్లాంటులో బస్తాలు మోసిన మనిషి మనవరాలు, ఎవరి అనుమతీ అడగకుండా, వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుని చదవగలగాలి.

డబ్బు సంగతి. మీ సంస్థలకు వచ్చేది ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు. అందులోంచి జీతాలు, పత్రికల చందాలు, పోటీ పరీక్షల పుస్తకాలు సర్దుకోవడం ఎంత కష్టమో రోజూ పఠనాలయంలో కూర్చునే నాకు తెలుసు. అందుకే సెస్సు మీద ఈ భారం వేయమనడం లేదు. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద అర్హత గల కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. ఏ పనులకు ఖర్చు చేయవచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో జనగ్రంథాలయాల స్థాపన అన్న మాట అక్షరాలా ఉంది, వారసత్వ పరిరక్షణా ఉంది. రెండో దారి జిల్లా ఖనిజ నిధి. టన్ను సున్నపురాయి మీద రాయల్టీ 80 రూపాయలు. 2015 జనవరి 12కు ముందు మంజూరైన లీజులైతే రాయల్టీలో 30 శాతం, అంటే టన్నుకు 24 రూపాయలు ఆ నిధిలో పడతాయి. గనుల ప్రభావం పడిన ఊళ్ల కోసం పెట్టిన ఆ నిధిలో విద్యకు పెద్ద పీట ఉంది. ఇనుప బీరువాలు, ఒక స్కానరు, రెండేళ్ల పాటు ఒక శిక్షణ పొందిన సహాయకుడు. ఇంతకు మించి మొదట ఏమీ అవసరం లేదు. కలెక్టర్ గారికి మీరు ప్రతిపాదన పంపితే దాని వెనుక సంతకాలు పెట్టడానికి రిటైరైన కార్మికులం చాలామందిమి సిద్ధంగా ఉన్నాం.

కాపాడడం అంటే బీరువాలో వేసి తాళం వేయడం కాదని మీకు నేను చెప్పనక్కరలేదు. అయినా పరిశ్రమ కాగితాలకు ప్రత్యేకమైన రోగాలు ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను. పాత యంత్రాల బ్లూప్రింట్లు వెలుతురు తగిలితే వెలిసిపోతాయి, చుట్టచుట్టి చీకట్లో ఉంచాలి. 1990ల నాటి ఫ్యాక్సు కాగితాల మీది అక్షరాలు వేడికి మాయమైపోతాయి. వాటిని దొరికిన రోజే జిరాక్సు తీయించాలి. చిరిగిన వాటికి సెల్లోటేపు అంటించవద్దు, ముఖ్యంగా లామినేషన్ చేయించవద్దు. మంచి ఉద్దేశంతో లామినేషన్ చేయించిన ఫొటోలు లోపలే పసుపెక్కి, బయటికి తీయడానికి వీల్లేకుండా పోవడం చూశాను. తుప్పు పట్టిన పిన్నులు తీసేసి నూలు దారంతో కట్టాలి. మన ఎండలకు పై అంతస్తు రేకుల గది పనికిరాదు. వరద భయం ఉన్న చోట కింది గదీ పనికిరాదు. 2000 ఆగస్టు వానలకు హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లు చొరబడి అరుదైన ఉర్దూ సేకరణ తడిసిపోయిన సంగతి గ్రంథాలయాల వారందరికీ గుర్తుంటుంది. కృష్ణకు ఇంత దగ్గరగా ఉండి ఆ పాఠం మరిచిపోకూడదు.

స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెడితే సరిపోతుందని అనేవారు ఉంటారు. చెయ్యాలి, తప్పకుండా చెయ్యాలి. కానీ అసలు కాగితం పారేసి స్కాన్ దాచుకోవడం ఎంత ప్రమాదమో తెలుగు డీటీపీ చేసినవారిని అడగండి. అను ఫాంట్లలో కూర్చిన ఫైళ్లు ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. అదే ఉద్యోగుల పత్రిక అచ్చు ప్రతిని ఇప్పటికీ ఎవరైనా చదవగలరు. జాబితాను మాత్రం యూనికోడ్ తెలుగులో చేయించండి, వెతికితే దొరుకుతుంది.

కొన్ని పత్రాలను వెంటనే అందరికీ తెరిచి పెట్టకూడదని కూడా ఒప్పుకుంటాను. ప్రమాదాల రిజిస్టర్లలో, వైద్య పరీక్షల కాగితాల్లో బతికున్నవారి వివరాలు ఉంటాయి. వాటికి కొంత గడువు పెట్టి మూసి ఉంచవచ్చు. గడువు ఎంత అన్నది ఒక కమిటీ తేల్చాలి, ఆ కమిటీలో గని కార్మికుడు ఒకరు ఉండాలి.

కాగితం మీదికి ఎప్పుడూ ఎక్కని మనుషులు ఇంకా ఎక్కువమంది. కాంట్రాక్టరు కింద బస్తాలు లోడు చేసినవారు, ఖాళీ బస్తాలు దులిపి మడత పెట్టిన ఆడవాళ్లు, పాలమూరు నుంచి వలస వచ్చి కర్మాగారం కట్టడానికి మట్టి తవ్వినవారు. మస్టర్ రోల్‌లో వాళ్ల పేర్లు లేవు. వాళ్లలో పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. డిగ్రీ కళాశాల చరిత్ర విద్యార్థులకు ఒక్కో వేసవిలో ఒక్కో ఊరు అప్పగించి, ఫోనులోనే అయినా వాళ్ల మాటలు రికార్డు చేయించి మీ దగ్గర భద్రపరిస్తే, ఈ సేకరణలో అన్నింటికంటే విలువైన భాగం అదే అవుతుందని నా నమ్మకం. తెలంగాణలో కవులే లేరన్న మాట విన్నప్పుడు పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు వాదనకు దిగి ఊరుకోలేదు. ఊరూరి నుంచి సేకరించి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. దక్షిణ తెలంగాణకు సేకరణ అనే పని ఎప్పటి నుంచో తెలుసు. ఆనాడు కవుల కోసం చేసినది ఈనాడు కార్మికుల కోసం చేయాలి.

కర్మాగారాల యాజమాన్యాలకూ ఈ లేఖ ద్వారానే ఒక మనవి. మీ స్టోరు గదుల్లో మీకు ముందున్న కంపెనీ పేరుతో ఉన్న కాగితాలు మీకు బరువే కావచ్చు. వాటిని అమ్మితే వచ్చే డబ్బు ఒక పూట డీజిల్‌కు కూడా చాలదు. పారేసే ముందు గ్రంథపాలకుడిని ఒకసారి పిలిచి చూపించండి. రాజు గారి కుటుంబ సభ్యులు, ఆయన స్థాపించిన విద్యాసంస్థల వారు తమ దగ్గరున్న పత్రాల నకళ్లనైనా ఇక్కడికి పంపితే, భీమవరంలో ఒక ప్రతి, వాడపల్లి పక్కన ఒక ప్రతి ఉంటాయి.

చివరగా నా వంతు. ఆ పాత కాగితాల లారీ నుంచి వ్యాపారిని బతిమాలి దింపించుకున్న కట్టలు మా ఇంట్లో ఉన్నాయి. వేతన ఒప్పందాల నకళ్లు, తెలుగులో అచ్చువేసిన భద్రతా సూచనల చిన్న పుస్తకం, కొన్ని ఫొటోలు, నా సహోద్యోగులు దాచుకున్న ప్రయోగశాల నోటుపుస్తకాలు వాటిలో ఉన్నాయి. నోటుపుస్తకాల విషయంలో సంబంధిత యాజమాన్యం నుంచి రాతపూర్వక అంగీకారం మేమే తెచ్చుకుంటాం. మీరు స్థలం ఖరారు చేసి తేదీ చెబితే అన్నింటినీ ఆటోలో వేసుకుని వస్తాను. నేను అడిగేది రెండే. ప్రతి వస్తువుకూ యాక్సెషన్ నంబరు (గ్రంథాలయ నమోదు సంఖ్య) వేసి రసీదు ఇవ్వండి, మీ అనుమతి లేకుండా ఎవరూ వాటిని తొలగించకూడదని సంస్థ తీర్మానంలో రాయించండి. తరువాతి సర్వసభ్య సమావేశం ఎజెండాలో ఈ అంశాన్ని చేరుస్తారని, ఆ సమావేశానికి మమ్మల్ని కూడా పిలుస్తారని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
మీ పఠనాలయ పాఠకుడు,
రిటైర్డ్ సిమెంటు కర్మాగారం ఉద్యోగి,
మిర్యాలగూడ